రెండు గట్ల పటం

నా దగ్గరున్న పటంలో ముప్పాతిక భాగం ఆకాశమే. మిగిలిన పాతిక భాగంలో ఒక నది, నదికి అవతల ఒక ఊరు. చూసినవాళ్ళంతా ఒకటే మాట అంటారు, "ఎంత ప్రశాంతంగా ఉందండీ!" అని. మొన్న ఒక కాలేజీ మేష్టారు కూడా అదే అన్నాడు. గుడివాడలో నా బైండింగ్ షాపుకు నోట్సులు కుట్టించుకోవడానికి వచ్చి, గోడ మీద దీన్ని చూసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "డచ్చివాళ్ళ చిత్రాల్లో ప్రశాంతత అంటే ఇదేనండీ" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "అందులో మబ్బు ఎటు పోతోందో చెప్పండి చూద్దాం" అన్నాను. ఆయన నవ్వి, కుట్టు కూలి ఎంతన్నాడు. అంత చదువు చదివిన మనిషికి మబ్బు కదులుతుందన్న సంగతే తోచలేదు.

ఎడమవైపు మబ్బు అడుగున నల్లగా ఉంటుంది. దాని నీడ ఊరి మీద పడి, ఇళ్ళ కప్పులన్నీ అప్పుడే తడిసినట్టు ఉంటాయి. ఊరి వెనక చాలా దూరాన, కుడి పక్కన, ఒక్క చేను మాత్రం పసుపు గుడ్డ ఆరేసినట్టు ఎండలో వెలుగుతుంటుంది. ఆ ఎండ ఊరి మీదికి వస్తోందా, ఊరిని వదిలి పోతోందా? నది మీద రెండు పడవల తెరచాపలున్నాయి, వాటిని చూస్తే తెలిసిపోతుంది. గాలి ఎడమ నుంచి కుడికి. అంటే మబ్బు రావడం ఇప్పుడే మొదలైంది, ఎండ పోతోంది. దివిసీమలో పుట్టినవాడికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. ఇవతల గట్టు మీద గుడ్డలు ఆరేసుకుంటున్న నలుగురు ఆడవాళ్ళకు కూడా తెలిసే ఉంటుంది. ఒకామె అప్పుడే గుడ్డలు తీసేస్తోంది. ప్రశాంతమట!

ఈ పటం వెనక ఉన్న కథ నేను ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి ఒక కారణం ఉంది, అది చివర్లో తెలుస్తుంది. వింటే బాధపడేవాళ్ళు ఇప్పుడెవరూ మిగల్లేదు కాబట్టి రాస్తున్నాను.

ఇది నా చేతికి వచ్చింది బందరులో. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో నేను అక్కడ ఒక ప్రెస్సులో బైండరుగా చేసేవాణ్ణి. నా చదువు ఐదో తరగతి. మిగతాదంతా బైండింగ్ బల్ల మీద చదువుకున్నదే. పదహారు పేజీల ఫారాలు మడత పెడుతూ చదవడం వల్ల నాకు చాలా పుస్తకాల నడుములే తెలుసు. తలలూ కాళ్ళూ తెలియవు. అయినా నిలబడి వాదించడానికి నాకు అది సరిపోయింది.

ప్రెస్సు పక్కన మిషన్ కాంపౌండు. అందులో చాలా ఏళ్ళు నర్సుగా చేసిన ఒక ముసలి దొరసాని గారు సొంత దేశానికి వెళ్ళిపోతూ సామానంతా పంచిపెట్టింది. మంచాలు, అద్దాలు, పింగాణీ అన్నీ పోయాయి. ఇది మిగిలింది. చేత్తో వేసిన అసలు పటం కాదు, రంగుల్లో అచ్చేసిన కాగితం. మూలన చెమ్మ మరక. దేవుడి బొమ్మ కాదు, మనిషి బొమ్మ కాదు, ఇంక ఎవరికి కావాలి? ఆమె ప్రార్థన పుస్తకాలకు నేను తోలు అట్టలు వేసి ఇచ్చానని, నన్ను పిలిచి, తీసుకొమ్మని చూపించింది.

ఆమెది పటంలోని ఆ డచ్చి దేశమే. బందరు వాళ్ళకు వలందులంటే, అదే డచ్చివాళ్ళంటే, తెలియకపోవడమేమిటి? ఊళ్ళో వలందపాలెం ఉంది, వాళ్ళ గోరీలున్నాయి. గోరీల రాళ్ళ మీద వాళ్ళ డాళ్ళూ కిరీటాలూ చెక్కి ఉంటాయి. వాళ్ళ ఊళ్ళు ఎలా ఉంటాయో మాత్రం నేను ఎన్నడూ అనుకోలేదు. దొరసాని గారు బైబిలు తెలుగు మాట్లాడేది.

"ఈ గృహములకు ద్వారములు కనబడుచున్నవా?" అని అడిగింది.

"లేదండీ. కప్పులే కనపడుతున్నాయి."

"ఏలయనగా అచ్చట నేల నదికంటె పల్లము. ఈ గట్టు లేనియెడల నీరు వారి పడకలమీదికి వచ్చును."

నేను పటానికి ముఖం ఆనించి చూశాను. నిజమే. ఊరి ముందు పొడుగ్గా ఒక గట్టు. దాని వెనక పెంకుటి కప్పులు, చర్చి గోపురం, ఒక గాలిమర, అన్నీ నడుము దాకా నేలలో దిగినట్టున్నాయి. నీళ్ళు పైన, మనుషులు కింద.

"మరి గట్టుకి ఏటి వైపు ఎవరుంటారండీ? కూలోళ్ళా?"

ఆమెకు నా ప్రశ్న అర్థం కాలేదు. మళ్ళీ అడిగించుకుంది. "ఎవరును ఉండరు. అక్కడ ఇల్లు కట్టనియ్యరు. బోధకుడు, వర్తకుడు, చేపలు పట్టువాడు, అందరును గట్టు వెనుకనే" అంది.

ఆ 'అందరును' దగ్గర నా మనసు ఆగిపోయింది.

మా పేట అలా లేదు. దివిసీమలో కృష్ణ కరకట్ట మీద నిలబడితే ఒకవైపు ఊరు, రెండోవైపు ఏరు. మా పేట ఏటి వైపు. కట్టకీ ఏటికీ మధ్య ముప్పై పైచిలుకు ఇళ్ళు, ఒక తాటాకు చర్చి. వరద వచ్చినప్పుడల్లా సామాను నెత్తిన పెట్టుకుని కట్టెక్కేవాళ్ళం. నీళ్ళు తీశాక దిగి మళ్ళీ గోడలు మెత్తుకునేవాళ్ళం. మా తాతలనాటి నుంచీ ఇదే పని. దీన్ని ఎవరూ వింతగా అనుకోలేదు. నేను కూడా ఆ రోజు దాకా అనుకోలేదు.

ఆ వేసవిలో కరకట్ట ఎత్తు చేస్తామని గవర్నమెంటు వాళ్ళు వచ్చారు. గొలుసు పట్టి కొలిచారు, కాగితాల చుట్ట విప్పి చూసుకున్నారు, వెళ్ళిపోయారు. అవి శ్రమదానం రోజులు. ఊరివాళ్ళు బండ్లు ఇవ్వాలి, మా పేటవాళ్ళు ఇంటికొక మనిషిని పంపాలి. కూలి లేదు. దేశం కోసం. మావాళ్ళు సరేనన్నారు, కాని ఒకటి అడిగారు. మా ఇళ్ళ ముందు, ఏటి వైపున, ఇంకో చిన్న గట్టు పొయ్యండి, మేమూ లోపల ఉంటాం అని. దానికి ఎవరూ అవుననలేదు, కాదనలేదు.

ఈ సంగతి అమ్మ ఉత్తరంలో రాయించింది. నేను ఆ శనివారమే బయల్దేరాను. అందరూ ఒకే గట్టు వెనక ఉండే ఊరు ఒకటి లోకంలో ఉందని మా అమ్మకు చూపించాలనిపించి, పటాన్ని గోధుమ రంగు కాగితంలో చుట్టి చంకన పెట్టుకున్నాను. చల్లపల్లి దాకా ఒక బస్సు, అవనిగడ్డకు ఇంకో బస్సు, అక్కణ్ణించి కట్ట మీద నడక.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలోనే చాప మీద పటం పరిచాను. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టారు. మా సంఘపెద్ద నాకు వరసకు పెదనాన్న. చదువు లేదు గాని, పేట తరఫున ఎక్కడికైనా వెళ్ళి మాట్లాడేది ఆయనే. మోకాళ్ళ మీద వంగి చాలాసేపు చూశాడు.

"ఇదిగో కట్ట. కట్ట వెనక ఊరు. ఇదిగో, ఇవతల ఇంకో గట్టు. రెండు గట్లు! ఒరేయ్, ఇది ప్లానురా!"

"ప్లాను కాదు పెదనాన్నా, పటం. వలందుల దేశంలో ఊరు."

"గీసింది దొరలేగా?"

"అవును."

"మరి ఆనకట్ట ప్లాను గీసిందెవరు, మన కరణమా? కాలవల ప్లాన్లు గీసిందెవరు? దొరలు గీస్తే ప్లాను కాక పెళ్ళి ముగ్గవుద్దా?"

అందరూ నవ్వారు. మా అమ్మ మాత్రం వెనక నుంచి తొంగి చూస్తూ, "బావగారూ, రెండు గట్ల మధ్యన మనం గదా ఉండాల్సింది? మరి అక్కడ నీళ్ళున్నాయేంటి?" అంది.

"మట్టి తీసిన గుంటలమ్మా. గట్టు పొయ్యాలంటే మట్టి ఎక్కడో తియ్యాలిగా. వానకి నిండినయ్."

"గుంటల్లో పడవలేస్తారా?"

"లోతుగా తవ్వుతార్లే. నీకన్నీ అనుమానాలే." ఆయన వేలు ఇవతలి గట్టు మీదికి జరిపాడు. "ఇదుగో, మన ఆడాళ్ళు గుడ్డలారేసుకుంటున్నారు, చూడు. ఇది నువ్వే."

నవ్వులు. మా అమ్మ కూడా నవ్వింది.

బందరు నుంచి కాగితాల చుట్ట పట్టుకుని వచ్చేది గవర్నమెంటు మనుషులే గదా. నేనూ బందరు నుంచే వచ్చాను, నా చేతిలోనూ చుట్ట ఉంది. వాళ్ళు అలా అనుకోవడంలో తప్పు లేదు. పటం అని నేను ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పలేదు. ఎందుకంటే, మా పేటకు ప్లాను తెచ్చినవాణ్ణని అప్పటికే ఒకామె నాకు మంచినీళ్ళు ఇత్తడి గ్లాసులో తెచ్చి ఇచ్చింది. అట్టలు కుట్టుకునేవాణ్ణి, నాకెప్పుడూ అలాంటి మర్యాద జరగలేదు. తాగి ఊరుకున్నాను.

మర్నాడు కట్ట మీద పని మొదలు. ఊరి పంచాయతీ ప్రెసిడెంటు గారు మెళ్ళో దండ వేసుకుని పార పట్టుకున్నాడు, ఫొటో తీశారు, పార కింద పెట్టేశాడు. పక్కన కట్ట పని చూసే గవర్నమెంటు ఓవర్సీరు, నెత్తిన టోపీతో. పెదనాన్న తలగుడ్డ తీసి చంకన పెట్టుకుని, పటాన్ని రెండు చేతులా పట్టుకుని ఎదురెళ్ళాడు.

"అయ్యగారూ, ఈ మాదిరే గదండీ?"

ఓవర్సీరు దాన్ని తీసుకుని చూశాడు. ప్రెసిడెంటుకు చూపించాడు. "ఎవరు తెచ్చారిది?"

"మా వాడేనండి. బందరు నుంచి."

ఓవర్సీరు నా వైపు చూశాడు. నా ఇస్త్రీ చొక్కా చూశాడు. అది ఏమిటో నాకు తెలుసని అతనికి అర్థమైంది, అతనికి అర్థమైందని నాకూ తెలిసింది.

"ఓహో, బందరు నుంచే వచ్చిందా! అయితే ఇంకేం, ఈ మాదిరే. ఏమండీ ప్రెసిడెంటు గారూ, గాలిమర కూడా పెట్టిద్దామా?"

"పెట్టించండి, పెట్టించండి. పేటలో ఉక్క ఎక్కువ" అన్నాడు ప్రెసిడెంటు.

వాళ్ళిద్దరూ పగలబడి నవ్వారు. మావాళ్ళూ నవ్వారు, సంతోషంతో. ఆ రెండు నవ్వులూ వేరని అక్కడ తెలిసింది నా ఒక్కడికే.

"ముందు ఈ పెద్దకట్ట కానివ్వండి. మీ గట్టు దాని తర్వాత" అని ఓవర్సీరు పటం తిరిగి ఇచ్చేశాడు. పెదనాన్న దాన్ని నాకు అందించి పార తీసుకున్నాడు.

నేను ఒక్క మాట అని ఉండవచ్చు. ఏం, నోరు లేకనా? పుస్తకాల మీద ప్రెస్సులో అందరితోనూ పోట్లాడేవాణ్ణి. అక్కడ మాత్రం పటం చుట్టి చంకన పెట్టుకున్నాను. పెద్దవాళ్ళ ఎగతాళిని తెలుసుకోగలిగినంత చదువుకున్నాను గాని, దాన్ని కింద పడేసేంత చదువుకోలేదు.

మట్టి ఎక్కడ తియ్యాలన్నది ఆ రోజే తేలింది. ఊరివైపు తవ్వితే వరి చేలు పాడవుతాయి. కాబట్టి ఏటి వైపు, కట్ట అడుగున, కట్టకీ మా ఇళ్ళకీ మధ్య ఉన్న జాగాలో తవ్వమన్నారు. తమ గట్టు కూడా వస్తుందన్న ఆశతో, ఇంటికొకరు కాదు, ఇద్దరేసి ముగ్గురేసి వచ్చారు మావాళ్ళు. మా అమ్మ తట్ట మోసింది. ఎంత లోతు తీశారో కొలుచుకోవడానికి గుంటల మధ్య అక్కడక్కడ తవ్వకుండా మట్టి దిమ్మెలు వదిలేవారు. వేసవి అయ్యేసరికి ఆ దిమ్మెలు మనిషిని మించిన ఎత్తులో నిలబడ్డాయి. అంత లోతు తవ్వారు. కట్ట బాగా లేచింది. ఊరివైపు నుంచి కట్టెక్కి చూస్తే మా ఇళ్ళ కప్పులు మాత్రమే కనిపించేవి.

వానలు పడ్డాయి, పని ఆగింది. ఓవర్సీరుకు బదిలీ అయింది. రెండో గట్టు ఊసు ఎత్తినవాడు లేడు. "ప్లాను మనదగ్గరుంది, ఎక్కడికి పోద్ది" అనేవాడు పెదనాన్న.

నేను బందరు వెళ్ళి ఆ పటానికి చట్రం కట్టించి, గదిలో బల్ల ఎదురుగా పెట్టుకున్నాను. రోజూ చూసేవాణ్ణి. ఒకసారి ప్రెస్సులో ఉండే భూతద్దం తెచ్చి చూస్తే, అవతలి గట్టు మీద, చర్చికి కొంచెం ఎడంగా, ఒక మనిషి కనిపించాడు. కుంచెతో రెండు గీతలు, అంతే. చేతిలో పార. గట్టు బాగుచేస్తున్నాడు. వేసినవాడు ఆకాశానికి అంత చోటిచ్చి, మనిషికి రెండే గీతలు ఇచ్చాడు. కాని ఆ రెండు గీతలూ సరిగ్గా పెట్టాల్సిన చోట పెట్టాడు. ఆ మనిషి గట్టు పని చేసి, సాయంత్రం ఆ గట్టు వెనకే ఉన్న తన ఇంటికి పోతాడు. ఆ పటంలో నాకు అన్నిటికంటే అందంగా కనిపించేది అదే. చిత్రకళ గురించి రాసేవాళ్ళు వెలుగు అంటారు, నీడ అంటారు. ఆ పారవాడి ఇల్లు గట్టుకు ఎటుందో ఎవడూ రాయడు.

మూడో ఏడు పెద్ద వరద వచ్చింది. పట్టపగలు వచ్చింది. ఇదివరకైతే నీళ్ళు గుమ్మం తాకాక కూడా మోకాలి లోతులో నడిచి కట్టెక్కడానికి టైముండేది. ఈసారి నీళ్ళు మొదట ఇళ్ళ వెనక నుంచి గుంటల్లోకి వెళ్ళాయి. మావాళ్ళు సామాను నెత్తికెత్తుకుని బయటికి వచ్చేసరికి వాళ్ళకీ కట్టకీ మధ్య ఇంకో ఏరు ఉంది. కొందరు ఈదారు. కొందరు ఆ మట్టి దిమ్మెల మీదికి ఎక్కారు. నానిన దిమ్మెలు ఒక్కొక్కటే కరిగిపోయాయి. కట్ట మీద నుంచి ఊరివాళ్ళు తాళ్ళు విసిరారు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. ఏడుగురు పోయారు. అందులో మా అమ్మ ఒకతె. నేను వెళ్ళేసరికి మూడో రోజు. ఆమె తట్టతో మట్టి మోసిన గుంటలోనే దొరికింది.

శ్రమదానంతో ఎత్తు చేసిన కట్ట ఊరిని కాపాడిందని సభ పెట్టి చెప్పుకున్నారు. నిజమే, ఊరు బతికింది. ఊరు బతికినందుకు నాకు ఏడుపు లేదు. ఆ సభలో, మట్టి ఎక్కణ్ణించి తీశారని ఒక్కడు అడగలేదు. అడగాల్సినవాణ్ణి నేను. వెనక వరసలో నిలబడి విని వచ్చేశాను.

మిగిలినవాళ్ళు కట్ట మీదే గుడిసెలు వేసుకున్నారు. రెండు నెలలకు నోటీసు వచ్చింది, గుడిసెల వల్ల కట్ట బలహీనపడుతుంది కాబట్టి ఖాళీ చెయ్యాలని. పెదనాన్న బందరు వచ్చాడు. ఆ వరదలో ఆయన మనవరాలు పోయింది. నా గదిలోకి వచ్చి కూర్చోకుండానే, "ఆ ప్లాను చట్రంలోంచి తియ్యరా. ఆఫీసుకి పోదాం. శాంక్షనైన ప్లాను ఎవడు నొక్కేశాడో అడుగుదాం" అన్నాడు.

తీశాను. చుట్టాను. వెళ్ళాం. ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చోమన్నారు. ఆయన ఒళ్ళో పటం. లోపల గుమాస్తాల మాటలు, నవ్వులు వినిపిస్తున్నాయి. ఇంకాసేపటికి ఆయన ఆ బల్లల మధ్యకు వెళ్ళి దీన్ని విప్పుతాడు. 

"పెదనాన్నా, అది ప్లాను కాదు."

"ఆ రోజే అన్నావుగా."

"ఓవర్సీరుకీ తెలుసు. ఎగతాళికి అన్నాడు. గాలిమర అన్నప్పుడే నాకు తెలిసింది. నేను చెప్పలేదు."

 ఆయన ఎదురుగా ఎవరిదో సైకిలు ఉంటే దాన్నే చూస్తూ కూర్చున్నాడు. బంట్రోతు వచ్చి ఎవరినో పిలిచి వెళ్ళాడు. ఆ తర్వాత పటం మెల్లగా విప్పాడు.

"అయితే ఈ మధ్యలో ఉన్నది ఏరేనా?"

"ఏరే."

"మీ అమ్మకి తెలుసా?"

"లేదు."

నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. ఆయన పటాన్ని మళ్ళీ చుట్టి, దారం కట్టి, నా చేతిలో పెట్టాడు.

"మనోళ్ళకి చెప్పకు."

"ఎందుకు చెప్పకూడదు పెదనాన్నా? ఆ ఓవర్సీరు ఎలాంటివాడో వాళ్ళకి తెలియాలి. ఆ ప్రెసిడెంటు కూడా—"

"నొక్కేశాడనుకోనీ. బందరులో ఎవడో లంచాలు మింగేవాడు మన ప్లాను నొక్కేశాడనుకోనీ. వాణ్ణి తిట్టుకుంటూ బతుకుతారు. ప్లానే లేదని తెలిస్తే, ఆ గుంటలు ఉత్తినే తవ్వుకున్నామని తెలుస్తది. పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళురా. ఎట్టా బతుకుతారు?"

గుమాస్తా మా పేరు పిలిచాడు. మేము లేవలేదు.

సాయంత్రం కట్ట మీదికి చేరేసరికి అందరూ ఎదురొచ్చారు. "ఏమన్నారు? ప్లాను చూశారా?" అని ఒకటే అడగడం.

"చూశారు. పై ఆఫీసుకి రాయాలంట" అన్నాడు పెదనాన్న. నా భుజం మీద చెయ్యి వేసి, "వీడు రాస్తాడు" అన్నాడు.

ఒకామె తన గుడిసెలోంచి పీట తెచ్చి వేసింది. ఇంకొకరు కాగితం తెచ్చారు. 'మా పేటకు మంజూరైన ప్లాను ప్రకారం' అని మొదలుపెట్టాను. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ప్రెస్సులో పేరు. చివరి దాకా తప్పు లేకుండా రాశాను. పెదనాన్న మొదటి వేలిముద్ర వేశాడు. తర్వాత మిగిలినవాళ్ళందరూ వరసగా వచ్చి వేశారు.